కమల అడిగిన ఒక్క టికెట్

అది 2004. ఇల్లందులో ఒక సినిమా హాల్లో నేను లేడీస్ కౌంటర్‌లో కూర్చునేదాన్ని. ఆడవాళ్ళకు విడిగా టికెట్లిచ్చే కిటికీ అది. మగవాళ్ళ వరుసలో తోపులాట ఎక్కువ కాబట్టి చాలామంది భర్తలు భార్యలను నా దగ్గరికి పంపి రెండు టికెట్లూ తెప్పించుకునేవారు. చేయి దూరేంత రంధ్రం, వెనక ఒక స్టూలు, తిరిగితే చప్పుడు చేసే ఒక టేబుల్ ఫ్యాను. నా పేరు ఎస్తేరు. ఆ స్టూలు మీద తొమ్మిదేళ్ళు గడిపాను.

టికెట్ చింపి ఇవ్వడమే నా పని అని అందరూ అనుకుంటారు. నిజానికి సగం పని ఒక ప్రశ్నకు జవాబు చెప్పడం. కిటికీలోకి డబ్బులు పెట్టే ముందు ప్రతి ఆడమనిషీ ఒకటే అడిగేది: "ఎట్లుంది అక్కా?" సినిమా వ్యాపారంలో దీన్ని టాక్ అంటారు, అంటే మొదటి ఆట చూసినవాళ్ళ నోటిమాట. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా పాకిపోతుంది. కారేపల్లి నుంచో ఏన్కూరు నుంచో బస్సు కిరాయి పెట్టుకుని వచ్చే కుటుంబానికి అది చిన్న విషయం కాదు. నెలకు ఒక్క సినిమా చూసేవాళ్ళకు ఆ ఒక్కటీ పాడైతే నెలంతా పాడైనట్టే.

అందుకని నేను ప్రతి కొత్త సినిమా చూసి చెప్పేదాన్ని. మార్నింగ్ షోకు కౌంటర్ మూసేసరికి ఆట మొదలై అరగంట దాటేది. ఆడవాళ్ళ వైపు తెర పక్కన నిలబడి మిగతాది చూసేదాన్ని. మొదటి అరగంట మర్నాడు ఎప్పుడో చూసేదాన్ని. అట్లా నాకు ప్రతి కథా ముందు ముగిసి, తర్వాత మొదలయ్యేది.

నా అభిప్రాయాలు పెద్దవేం కావు. దయ్యం సినిమా అయితే, కడుపుతో ఉన్నవాళ్ళు వద్దని, మిగతావాళ్ళకు దయ్యం కన్నా సౌండే ఎక్కువ భయపెడుతుందని చెప్పేదాన్ని. కత్తుల సినిమా అయితే పాటలు వచ్చేదాకా తల వంచుకొమ్మనేదాన్ని. హాస్యం సినిమాలు చాలావరకు ఇంటర్వెల్ దాకా నవ్విస్తాయి, ఆ తర్వాత హీరోకు కోపం వస్తుంది, ఇక నవ్వు ఉండదు. దేవుడి సినిమాకు ముసలమ్మలు దండం పెట్టుకోవడానికి వస్తారు, పిల్లలు పాము కోసం వస్తారు. ఇద్దరికీ సరిపడా ఉందా లేదా అన్నది చూసేదాన్ని. అత్తాకోడళ్ళ సినిమాలకు మాత్రం ఎవరూ నా మాట వినరు, ఎట్లా ఉన్నా చూస్తారు. సినిమాలు పాపమని మా చర్చిలో వాక్యం చెప్పే పాస్టరుగారి భార్య కూడా ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, కుటుంబ సినిమా ఏదైనా వచ్చిందా అని అడిగేది.

మా మేనేజర్ సత్తయ్య గారికి ఇదంతా నచ్చేది కాదు. ఒక దయ్యం సినిమాకు నా మాట విని ఎనిమిది మంది వెనక్కి వెళ్ళారని ఆయన నన్ను గట్టిగానే మందలించాడు. సినిమా బాగుందని చెప్పాలి, లేదంటే నోరు మూసుకోవాలన్నాడు. ఇంకోసారి ఎవరినైనా తిప్పి పంపితే ఉద్యోగం ఉండదని చెప్పాడు. నా భర్తకు అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. నా జీతం మీదే ఇల్లు నడిచేది. సరేనన్నాను. కొన్ని నెలలు ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా.

ఆ వానాకాలంలో ఒక శుక్రవారం కొత్త సినిమా ఒకటి వచ్చింది. పోస్టరు నిండా నవ్వు మొఖాలే. హీరో నెత్తిన బకెట్టు, హీరోయిన్ చేతిలో చీపురు. మార్నింగ్ షోలో జనం ఇంటర్వెల్ దాకా పొట్ట పట్టుకుని నవ్వారు. రెండో సగంలో కథ బొగ్గు బాయిలోకి దిగింది. మా దగ్గర గనిని బాయి అంటాం. హీరో వాళ్ళ అన్న బాయిలో పనిచేస్తుంటాడు. పైకప్పు కూలి అతను లోపల చిక్కుకుపోతాడు, బతకడు. సెట్టింగు వేసిన ఆ బాయిని చూసి ముందు వరుసల్లోని కార్మికులు మొదట నవ్వారు. కప్పు కోటలా అంత ఎత్తున ఉంది. కానీ అది కూలాక హాల్లో ఒక్కరూ మాట్లాడలేదు. మా ఊళ్ళో అటువంటి కబురు వినని వాడ లేదు.

మ్యాట్నీకి కౌంటర్ తెరిచాను. వరుసలో కమల కనిపించింది.

కమలది కారేపల్లి దారిలో ఒక తండా. ఆమె భర్త హీరా దూరాన వేరే ఊళ్ళోని బాయిలో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి సినిమాకు వచ్చేవారు. అతను చెట్టు కింద సైకిల్ పట్టుకుని నిలబడితే, ఆమె వచ్చి రెండు టికెట్లు తీసుకునేది. ఆ ఏడాది మొదట్లో బాయిలో కప్పు కూలి అతను చనిపోయాడు. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. ఇప్పుడు ఒక్కతే వచ్చింది. వరుసలో ఆమె వెనకున్నవాళ్ళు ఆమె వైపే చూస్తున్నారు.

"ఒక్కటే ఇయ్యి అక్కా," అంది. "నవ్వుకునే సినిమా అట గదా. ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తున్నది."

నా చేయి టికెట్ బుక్కు మీదే ఆగిపోయింది. సినిమా బాగాలేదని, వచ్చే వారం మంచిది వస్తుందని, ఇవ్వాళ ఇంటికి వెళ్ళమని చెప్పాను. ఎందుకు బాగాలేదని ఆమె రెండుసార్లు అడిగింది. ఊరికే బాగాలేదన్నాను. వెనకున్న నలుగురు ఆ మాట విని వరుస వదిలి వెళ్ళిపోయారు. అది గేటు దగ్గర నిలబడ్డ సత్తయ్య గారి కంట పడింది.

ఆయన కౌంటర్ దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి నన్ను తన గదికి పిలిచాడు. అరవలేదు. "నువ్వు టికెట్లు అమ్మేదానివి ఎస్తేరు. ఎవరు సినిమా చూడాల్నో తేల్చేదానివి కాదు. రేపటి సంది రాకు," అన్నాడు. అప్పుడు తలుపు దగ్గర అలికిడైంది. కమల వెళ్ళలేదు.

"అక్కా, నువ్వు నాకు అబద్ధం చెప్పినవ్," అంది. "గా సినిమాల ఏముంది?"

ఇక దాచి లాభం లేదు. బాయి ఉందని, కప్పు కూలుతుందని, మనిషి చనిపోతాడని చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె కళ్ళలో కోపం కనిపించింది.

"మా ఇంట్లోళ్ళు గిట్లనే చేస్తరు. ఆయన ఎట్ల పోయిండని అడిగితే మాట మారుస్తరు. తెల్లబట్టల సుట్టి తెచ్చిండ్రు, మొఖం సుత సరిగ్గ సూడనియ్యలే. బాయి లోపల ఎట్లుంటదో నాకు ఇప్పటికి తెల్వదు. నువ్వు సుత గంతేనా అక్కా? ఏముందో చెప్పు. సూడాల్నో వద్దో నేను సూసుకుంట."

సత్తయ్య గారు టేబుల్ సొరుగు తెరిచి మళ్ళీ మూశాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు. "బాల్కనీల ఆఖరి వరుస, తలుపు పక్కన రెండు సీట్లు ఖాళీ ఉన్నయి. ఆమెను తోల్కపో. నువ్వు సుత కూసో. కౌంటర్ సంగతి నేను సూస్త."

కమల మొదటి సగం నవ్వింది. పెద్దగా నవ్వింది, బకెట్టు నెత్తిన పడినప్పుడు నా చేయి పట్టుకుని మరీ నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకు భయమేసింది, తర్వాత సంతోషమేసింది. ఇంటర్వెల్‌లో వెళ్ళిపోదామా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

తెర మీద బాయి కనిపించగానే ఆమె ముందుకు వంగింది. "కప్పు గంత ఎత్తుంటదా అక్కా?" అని అడిగింది. నాకు తెలియదు. మా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగాడు. వీరయ్య అని, బాయి పని చేసి రిటైరైనవాడు, ప్రతి కొత్త సినిమాకూ వచ్చే మనిషి. "ఉండదు బిడ్డా. చానా కాడ వంగి నడుసుడే. వీళ్ళకు ఏం తెల్వదు," అన్నాడు. ఆ తర్వాత ఆయన తెర వైపు చూడనే లేదు. ఆమె మెల్లగా అడుగుతూ ఉంది, ఆయన అంతకన్నా మెల్లగా చెబుతూ ఉన్నాడు.

ఆట అయ్యాక ముగ్గురం క్యాంటీన్ బల్ల మీద కూర్చున్నాం. ఎవరి భార్యో, ఏ బాయో వీరయ్య అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత అంతా చెప్పాడు. లోపల ఎంత చీకటో, నెత్తిన దీపం ఎంత దూరం కనిపిస్తుందో, కప్పుకు ఆసరాగా కర్రలు ఎట్లా నిలబెడతారో, అన్నం డబ్బా ఎక్కడ కూర్చుని తింటారో చెప్పాడు. ఆమె చివరికి తాను అడగాలనుకున్నది అడిగింది. హీరాకు నొప్పి తెలిసి ఉంటుందా అని.

"కప్పు మీద పడితే కన్ను మూసి తెరిసేంత సేపు బిడ్డా," అన్నాడు వీరయ్య. "నా పక్కన పనిచేసినోళ్ళు పోంగ సూసిన. నీకు అబద్ధం చెప్ప."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. క్యాంటీన్ ఆయన టీలు పెట్టి వెళ్ళాడు, అవి చల్లారిపోయాయి. మేము ఆమెను ఆపలేదు. ఏడుపు ఆగాక కొంగుతో మొఖం తుడుచుకుని, కారేపల్లి బస్సు ఎన్నింటికని అడిగింది.

వెళ్ళే ముందు నేను అలవాటు కొద్దీ ఆమెనే అడిగాను, సినిమా ఎట్లా ఉందని. ఆమె కాస్త ఆలోచించింది. "ముందు సగం మంచిగ నవ్విచ్చిండు. బాయి అంత ఉత్తదే. కానీ బాయి గేటు కాడ ఆ అన్న పెండ్లాం నిలబడి, పైకి వచ్చినోళ్ళ మొఖాలన్ని సూస్తది సూడు. గది మాత్రం నిజం అక్కా. గట్లనే ఉంటది," అంది. ఆ సినిమా గురించి అంత సరైన మాట ఇంకెవరి నోటా నేను వినలేదు. ఆ సినిమా మళ్ళీ చూసినప్పుడు నేను కూడా ఆ గేటు సీనునే చూశాను. మార్నింగ్ షోలో అది నా కళ్ళ ముందు నుంచే దాటిపోయింది, నేను గమనించలేదు.

సత్తయ్య గారు నన్ను తీసెయ్యలేదు. ఆ మాటే మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి కౌంటర్ పక్కన మేకుకు ఒక నల్ల పలక వేలాడుతోంది, కింద సుద్దముక్క ఉంది. సినిమాలో ఏముందో రాయమన్నాడు, బాగుందనీ బాగాలేదనీ రాయవద్దన్నాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మార్నింగ్ షో అయ్యాక రెండు వాక్యాలు రాసేదాన్ని. దయ్యం ఉంది, చిన్నపిల్లలు జడుసుకుంటారు. పాటలు ఆరు, కత్తులు చాలా. ముసలివాళ్ళకు నచ్చుతుంది, దేవుడు ఆలస్యంగా వస్తాడు. చదువు రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి వినిపించేవారు. ఆ రాతలు చదవడానికే కొంతమంది వచ్చి నిలబడేవారు. జనం తగ్గలేదు. ఏ సినిమాకు ఎవరు రావాలో వాళ్ళే వచ్చారు, వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళలేదు.

ఏడాది తిరిగాక, భర్త పోయినందుకు బాయి కంపెనీ వాళ్ళు కమలకు మా ఊళ్ళోని ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. తోటి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని సినిమాలకు వచ్చేది. వాళ్ళందరికీ తానే టికెట్లు తీసేది, పలక మీద రాత తప్పని నాతో వాదించేది కూడా.

ఆ రోజు ఆమె నా అబద్ధం నమ్మి బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటే, నేను మంచి చేశాననే అనుకుంటూ బతికేదాన్ని. వెళ్ళిపోకుండా గది తలుపు దగ్గర నిలబడి అడిగినందుకు ఆమెకు, రెండు సీట్లు ఇచ్చినందుకు సత్తయ్య గారికి, సినిమా వదిలేసి వెనక్కి తిరిగినందుకు వీరయ్యకు నేను రుణపడి ఉన్నాను. సినిమా మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉంటుంది, నాకూ ఉంది. కానీ అడిగిన మనిషి గుండె ఎంత తట్టుకుంటుందో కిటికీ ఇవతల కూర్చుని నేను తేల్చకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. టికెట్ అడిగితే ఇవ్వాలి. పక్కన సీటు ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చోవాలి.