శ్లాబు కింద మా చిన్నాయన

పోయిన మంగళవారం విరుదునగర్ ఆసుపత్రిలో మా చిన్నాయన కన్నుమూశాడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "మస్కట్‌లో ముప్పై ఏళ్లు చేసిన ఇంజనీరు" అన్నారు. నాకు మాత్రం ఒక మొండి మనిషి గుర్తొచ్చాడు. ఈ మాట ఆయన బతికుండగా మొహం మీదే అన్నదాన్ని, ఇప్పుడు దాచడం ఎందుకు?

విళాత్తికుళం దగ్గర మిరపచేలల్లో పెరిగి, సివిల్ చదివి, పెళ్లికి ముందే మస్కట్ వెళ్లాడు. అక్కడి ఆంధ్రా మేస్త్రీలు అరవం కలిసిన ఆయన తెలుగు విని నవ్వేవారట. "నవ్వనీమ్మా, నవ్వినోడు నన్ను మరవడు" అనేవాడు. సెలవులకొస్తే ఎవరింట్లోనైనా ముందు గోడ తట్టి చూసేవాడు, తర్వాతే కాఫీ. మా అమ్మకు ఒళ్లు మండేది.

చిన్నాయన ఉద్యోగం చాలించుకుని వచ్చిన ఏడాదే కోవిల్‌పట్టిలో నాన్న ఇల్లు మొదలుపెట్టాడు. శ్లాబు వేయడానికి ముందురోజు గట్టి వాన. తెల్లారేసరికి కాంక్రీటు మిక్సరుకు పసుపు కుంకుమ పెట్టారు, అరుప్పుకోట్టై చుట్టాలు దిగారు, పెరట్లో బిర్యానీ పొయ్యి వెలిగింది. చిన్నాయన వంగి శ్లాబు పలకల కిందికి దూరి, వాటిని మోసే సెంట్రింగ్ కర్రల మొదళ్లు చూసి బయటికొచ్చాడు. ఆ కర్రల్ని నేరుగా నల్లమట్టి మీదే నిలబెట్టారు. ఎండలో గడ్డపార దిగని మట్టి మీద కర్రల అడుగున చెక్కలెందుకని మా వైపు అందరూ అనుకుంటారు. తడిస్తే అదే మట్టి పిండిముద్ద అవుతుంది.

"ఆపన్నా. ఈ పొద్దు వద్దు."

"నల్ల నేరం, మంచి గడియ, దాటిపోతాది రా. ఇంతమంది వచ్చుండారు," అన్నాడు నాన్న.

"పైన పదైదుమంది కూలాళ్లు ఎక్కుతారు. వాళ్లకి ఏది నల్ల నేరం?"

"ఇది నా ఇల్లు. నీ మస్కట్ కాదు."

చిన్నాయన కుర్చీ తెచ్చి మిక్సరుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. నాన్న తమ్ముణ్ని కొడతాడేమోనని భయపడ్డాను. మేస్త్రీ "నేను ఎవరి మాట వినేది సామీ?" అన్నాడు. ముహూర్తం దాటిపోయింది. చుట్టాలు తలొంచుకుని తిని వెళ్లారు.

"ఇంత మొండితనమా చిన్నాయనా?" అని కోపంగా అడిగాను.

"మస్కట్ పోయిన కొత్తలో, కర్రలు బాగుండాయని నేనే సంతకం పెట్టినానమ్మా. లేదంటే ఊరికి పంపించేస్తారని భయం. శ్లాబు కూలింది, ఒకడి కాలు పోయింది. వాడు ఇప్పుడూ కళ్లల్లోనే ఉండాడు."

నాకు సిగ్గేసింది. అయినా ఆ రోజు మా కర్రలు కుంగేవో లేదో ఎవరికి తెలుసు? జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తాం? నాన్న మూడు వారాలు తమ్ముడితో మాట్లాడలేదు.

మళ్లీ ముహూర్తం పెట్టారు. ఈసారి ప్రతి కర్ర కిందా చెక్క వేశారు. పైన కాంక్రీటు పోస్తుంటే, కర్రలు కనిపెట్టుకుని ఉండడానికి చిన్నాయన టార్చి పట్టుకుని కిందికి వెళ్లి కూర్చున్నాడు. వద్దన్నా వినలేదు. కాసేపటికి నాన్న వచ్చాడు. చెప్పులు విడిచి, వంగి లోపలికి వెళ్లి, తమ్ముడి పక్కన చతికిలబడ్డాడు. పలకల సందుల్లోంచి సిమెంటు నీళ్లు ఇద్దరి చొక్కాల మీదా కారుతున్నాయి. పోత పూర్తయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు.