హాలోవీన్ రొట్టెకు పెట్టిన టీ

న్యూజెర్సీలో మేము అద్దెకున్న ఇంటి కింది భాగంలో ఇంటావిడ ఉండేది. ఐర్లండులో పుట్టి, పెళ్లయ్యాక భర్తతో వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. పంతొమ్మిదివందల ఎనభైల మొదట్లో, ఒక వసంతకాలంలో ఆయన పోయాడు. ఆ అక్టోబరులోనే ఆవిడ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. హాలోవీన్‌కు ముందురోజు పొద్దున్నే, కట్టు వేసిన ఆ చేతితో వచ్చి మా తలుపు తట్టింది.

"నువ్వు కెమిస్ట్‌వి కదా, చెప్పింది చెప్పినట్టు చేస్తావు. నాకో బ్రాక్ చేసిపెట్టాలి."

బ్రాక్ అంటే, రాత్రంతా టీలో నానిన ఎండుద్రాక్షను పిండిలో కలిపి కాల్చే తియ్యటి రొట్టె. వాళ్ల ఊళ్లో హాలోవీన్ నాడు అది లేని ఇల్లుండదట. అందులో ఒక ఉంగరం దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ఏడాది తిరిగేలోగా పెళ్లి అవుతుందని నమ్మకం. అది ఎప్పుడైనా నిజమైందా అని అడిగాను. రుజువు లేని మాటను ఊరికే పోనివ్వడం నాకు చేతకాదు.

"మా అక్కకి రెండేళ్లు వరసగా వచ్చింది," అంది. "నన్ అయింది."

ఈసారి ఉంగరం వద్దంది. ఆ రాత్రి పోయినవాళ్లు ఇంటికి వస్తారట. ఆయన ముక్క ఆయన కుర్చీ ముందు ఉండాలట. "మా పెళ్లయిన దగ్గర్నుంచీ ఏ ఏడాదీ మానలేదు. ఆయన మొదటిసారి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంటే ఎలా?"

ఈ నమ్మకానికి మాత్రం నేను ఆధారం అడగలేదు.

కొలతలన్నీ అడిగి తెలుసుకున్నాను. కప్పు అంటే ఏ కప్పు, పిండి తలగొట్టి కొలవాలా, ఓవెన్ చూపించే వేడి నిజమేనా అని ఆవిడను విసిగించాను. ఎండుద్రాక్ష నానడానికి స్ట్రాంగ్ టీ కావాలంది. అదొక్కటీ వివరణ అక్కర్లేని మాటగా తోచింది.

మా ఇంట్లో టీ మావారి వంతు. ఆ సాయంత్రం ఆయన ఎంతో శ్రద్ధగా డికాషన్ మరిగించి, చిక్కటి పాలు పోసి, దంచిన అల్లం, చితక్కొట్టిన యాలకులు వేశారు. వడగట్టి, చల్లారాక ద్రాక్ష మీద పోసి, ఫ్రిజ్‌లో పెట్టింది నేనే.

మర్నాడు ఇంటావిడ పైకి వచ్చి గిన్నె మూత తీసింది.

"ఇదేమిటి?"

"టీ," అన్నారు మావారు.

"పాలున్నాయి!"

"పాలు లేకుండా టీ ఏమిటి?"

ఆవిడ ఎడమచేతి వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "అల్లం కూడానా?"

"యాలకులు కూడా," అన్నారాయన ఏమాత్రం తగ్గకుండా.

మళ్లీ నానబెట్టడానికి వ్యవధి లేదు. పాలు కలిశాయి కనుక పైభాగం త్వరగా ఎర్రబడుతుందని, వేడి కాస్త తగ్గిస్తే రొట్టె పాడవదని చెప్పాను. అది ఆవిడ బ్రాక్ అవుతుందని మాత్రం మాట ఇవ్వలేకపోయాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, గిన్నెను దగ్గరకు జరుపుకుంది.

"మా ఆయనా టీలో పాలు పోసుకునేవాడులే. పాలు అయిపోయిన రోజు మందు తాగినట్టు మొహం పెట్టేవాడు," అంది. "కాల్చు."

పిండి కలుపుతున్నంతసేపూ పక్కనే ఉండి చెప్పింది. రొట్టె బయటికి తీశాక, అడుగున వేలితో కొడితే డొల్లగా మోగితేనే లోపల ఉడికినట్టంది. మోగింది. నేను సన్నటి పుల్ల కూడా గుచ్చి చూశాను.

"నమ్మవా?"

"రెండూ చూస్తాను."

ఆ సాయంత్రం కింద ఆవిడ బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. మొదటి ముక్కకు వెన్న రాయించి తన భర్త కుర్చీ ముందు పెట్టింది. తర్వాత తన ముక్క కొరికి, నిదానంగా నమిలింది.

"ఇది బ్రాక్ కాదు."

మావారి మొహం చిన్నబోయింది. ఆవిడ ఇంకోసారి కొరికింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"కానీ ఆయనకి ఒక్క ముక్క చాలదు."

కట్టుచేత్తో రొట్టెను అదిమిపట్టి, ఎడమచేత్తో వంకరగా మరో ముక్క కోసి, ఆయన పళ్లెంలో మొదటి ముక్క పక్కన పెట్టింది. ఆ మాటను పరీక్షించే పద్ధతి ఏదీ నాకు తెలియదు. చాకు అందుకుని, ఆ ముక్కకు కూడా వెన్న రాశాను.