కొత్త చొక్కా మీద నల్ల మరక

ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడను ఆ వీధిలో అందరూ ‘డిటెక్టివ్ అక్క’ అంటారు. మరక పడ్డ చొక్కా ఆమె చేతికిస్తే ఊరుకోదు. అది టీ మరకా, తుప్పు మరకా అని తేల్చాక, ఎవరి పక్కన కూర్చుంటే అయిందని అడుగుతుంది. బట్టలు ఇస్త్రీకి వేసి సంసారాలు బయట పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

నెల ఉపవాసాలు ముగిసిన పండుగ పొద్దున, ఆ అనుమానం ఆమె సొంత ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

భర్త బస్సు కండక్టరు, నిట్రాట లాంటి పొడుగు మనిషి. ఆమె ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని నమాజుకు వెళ్ళాడు. వీధిలో మగవాళ్ళంతా తిరిగొచ్చారు, ఈయన జాడ లేదు. వెళ్ళిన దారిన కాక మరో దారిన ఇల్లు చేరడం ఆనవాయితీయే. కానీ ఎంత చుట్టు తిరిగినా ఇంతసేపు పట్టదు. పొయ్యి మీద పాలల్లో ఖర్జూరాలు ఉడికి ముద్దవుతున్నాయి.

ఎట్టకేలకు వచ్చి, “ఈద్ ముబారక్” అన్నాడు నవ్వుతూ.

ఆమె చూపు భుజం దగ్గరే ఆగిపోయింది. “ఏంటది?”

“ఏది?”

“భుజం కింద, నల్లగా.”

“మసేమో. పండుగపూట ఎంతమంది హత్తుకుంటారు!”

“మసి తడిగా ఉండదు.”

“చెమట పట్టుంటుందిలే.”

“చెమట నల్లగా ఉండదు.”

“కండక్టర్ని నేనా, నువ్వా? గుమ్మంలోనే నిలబెట్టి టికెట్ అడుగుతున్నావు!”

ఆమె నవ్వలేదు. అది కళ్ళకు పెట్టుకునే నలుపు. కన్నీళ్ళతో తడిసిన కాటుక! హత్తుకున్న మనిషి తల ఆయన భుజం దాకా కూడా రాలేదంటే, ఆడదాని ఎత్తే. ఈ నెలలో ఉపవాసం విడిచే వేళకు ఆయన ఎన్నిసార్లు ఆలస్యంగా రాలేదు! అడిగితే బస్సు మీదకు నెట్టేవాడు. పొద్దున్నే జేబులో గుప్పెడు ఖర్జూరాలు ఎక్కువే వేసుకెళ్ళేవాడు. అప్పుడు పట్టించుకోనివన్నీ ఇప్పుడు వరుసకట్టి ఎదురుగా నిలబడ్డాయి.

“విప్పండి చొక్కా.”

పెరట్లోకి తీసుకెళ్ళి మరక మీద బొటనవేలితో రుద్దింది. కాటుకైతే జిడ్డుగా పాకాలి. ఇది పాకలేదు. సన్నటి ఇసుకలా గరగరలాడింది. సుర్మా! పండుగ నమాజుకు మగవాళ్ళు కళ్ళకు పెట్టుకునే పొడి. ఈయనకు పడదు, కళ్ళు మండుతాయని ముట్టుకోడు.

అంటే ఏడ్చింది మగవాడు.

ఊపిరి తీసుకుందో లేదో, అంతకంటే బరువైన అనుమానం వచ్చి పడింది. అంత పొట్టివాడు వాళ్ళకు తెలిసినవాళ్ళలో ఒక్కడే. బుడ్డోడు. ఆమె తమ్ముడు. అమ్మ పోయిన రోజు పాడె మోయడానికి కూడా రాని తమ్ముడు. తర్వాత గుమ్మంలోకొస్తే, “ఈ గడప తొక్కకు” అని ఆమే తరిమేసింది. ఆ ఇంట్లో వాడి మాట ఎత్తకూడదు.

చొక్కా పట్టుకుని లోపలికి వచ్చింది. “ఎన్నాళ్ళుగా నడుస్తోంది, మా బుడ్డోడితో మీ కాపురం?”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “నెల మొదట్లో నా బస్సెక్కాడు. టికెట్ ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒంటరిగా ఉపవాసం విడుస్తున్నానన్నాడు. అందుకని...”

“అందుకని నా ఖర్జూరాలు మోసుకెళ్ళారు. సరే, అమ్మ పోయినరోజు రాలేదెందుకట?”

“వచ్చాడట. మన వీధి మలుపు దాకా. అమ్మ ముఖం అలా చూడలేక, అక్కణ్ణుంచే వెనక్కి పోయాడట.”

“కట్టుకథ. ఏడుపు కూడా నాటకమే అయ్యుంటుంది.”

“నువ్వే అడుగు. ఇప్పుడూ ఆ మలుపులోనే ఉన్నాడు. నువ్వు పిలవందే రాడట.”

ఇద్దరూ కూడబలుక్కుని ఆడుతున్నారేమో! తల మీద ముసుగు సర్దుకుని బయల్దేరింది.

మలుపులో గోడకు ఆనుకుని ఉన్నాడు తమ్ముడు. అక్కను చూసి నిటారుగా నిలబడ్డాడు. ఆమె దగ్గరికెళ్ళి, పలకరించకుండా ముఖంలోకి చూసింది. ఒక కంటికి సుర్మా దిద్దినట్టే ఉంది. రెండో కన్ను ఎర్రగా, బోసిగా ఉంది. నాటకానికి ఒక కన్ను ఇంతలా కడుక్కుపోదు.

“ఆ కంటికేమైంది?”

“బావ చొక్కాకి అంటుకుపోయిందక్కా.”

“కొత్త చొక్కా. తగలేశావు. నడు, నువ్వే ఉతుకుదువుగాని.”

వాడు కదిలాడు. మళ్ళీ మధ్యలో వెనక్కి తిరిగిపోతాడేమోనని, వాణ్ణి ముందు నడిపించి, ఇంటి గడప దాటేదాకా ఆమె వెనకాలే నడిచింది.