తెలివి పదహారు, వివేకం ఆరు

1994 నవంబరు, వాన వెలిసిన ఒక ఆదివారం. స్థలం: తొండియార్‌పేటలో మా అద్దె ఇంటి మొట్టమాడి (మేడ మీది ఆరుబయలును మేమంతా అలాగే అంటాం), దాని మూలనున్న రేకుల షెడ్డు. హాజరైనవారు: బావ, తమ్ముడు, నా ఆఫీసు స్నేహితుడు గుండు, నేను. ఆలస్యంగా హాజరైనది: ఒక అమ్మాయి.

ఆ రోజుల్లో నాకు ఏ పనైనా ఒక వరుసలో జరగాలి. (ఇప్పుడూ అంతే. కాకపోతే రిటైరయ్యాను కాబట్టి అందరూ దాన్ని వయసు మీదికి నెట్టేస్తున్నారు.) బస్సు వచ్చాక బోర్డు రెండుసార్లు చదివేవాణ్ణి, ఈలోగా అది వెళ్ళిపోయేది. ఈ నిదానం వల్లే అప్పటికి రెండు పెళ్ళి సంబంధాలు చేజారాయి. ఒకచోట, అమ్మాయితో ఏమైనా మాట్లాడతావా బాబూ అని అడిగితే, ఏది ముందు అడగాలా అని నేను ఆలోచిస్తూ ఉండగానే వాళ్ళు కాఫీ గ్లాసులు కూడా కడిగేసుకున్నారు. మూడో సంబంధం వ్యాసర్పాడిలో ఒక టీచరమ్మది. "వాళ్ళొచ్చి నన్ను చూసేదేంది, మనమే పోయి చూద్దాం" అని పట్టుబట్టి, వాళ్ళ అవ్వను తోడు తీసుకుని ఆ సాయంత్రం ఐదింటికి తనే మా ఇంటికి వస్తోంది. "ఇది గూడా తప్పిపోయిందనుకో, ఇంక నా వల్ల కాదు నాయనా" అని అమ్మ ఉదయమే చెప్పేసింది.

అయినా భోజనాలయ్యాక మేం మేడెక్కాం. కారణం బావ. ఆయన ఓడలో ఉద్యోగి. ఏదో రేవులో కొన్న ఒక లావుపాటి పుస్తకమూ, వింత వింత పాచికలూ తెచ్చాడు. నాలుగు ముఖాలదొకటి, ఇరవై ముఖాలదొకటి. ఈ ఆటకు పలక లేదు, గళ్ళు లేవు. బావ ఒక గుహ గురించి చెబుతాడు. మిగతావాళ్ళం అందులో దూరిన వీరులం. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, అది ఫలిస్తుందో లేదో పాచిక చెబుతుంది. అన్నిటికన్నా ముందు మూడేసి పాచికలు వేసి ఒక్కో వీరుడికి ఆరు గుణాలు తేల్చుకోవాలి: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ. పద్ధెనిమిదికి మించి పడదు.

మొదటి ఆదివారం వేసినప్పుడు, ఊదితే ఎగిరిపోయే మా తమ్ముడికి బలం పద్ధెనిమిది పడింది. రాయపురం నుంచి సైకిలు తొక్కుకొచ్చి మెట్ల మీద మూడుసార్లు కూర్చుని లేచే గుండుకు చురుకు పదిహేడు, అందుకని వాడు గోడలెక్కే దొంగ. నాకు తెలివి పదహారు, వివేకం ఆరు.

"పాచికలకి గూడా నీ సంగతి తెలిసిపోయిందే!" అన్నాడు బావ.

"రెండూ ఒకటే గదా బావా? తెలివుంటే వివేకం లేకుండా ఎట్టా పోతుంది?"

"ఆ ప్రశ్న అడిగినావు చూడు, అదే ఆరు" అన్నాడాయన.

ఆ గుహ నిండా ఉచ్చులు. రాయి మీద కాలేస్తే పైనుంచి బల్లేలు పడతాయి, పెట్టె మూత ఎత్తితే విషపు సూది గుచ్చుకుంటుంది. వాటిని పసిగట్టే బాధ్యత నాది. నేను పొడుగాటి కర్ర పట్టుకుని ప్రతి రాయినీ తట్టి, విని, మళ్ళీ తట్టి, అప్పుడు గానీ అడుగు వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. మూడు ఆదివారాలుగా మేం గుహ వాకిట్లోనే ఉన్నాం.

"అన్నా, ఇంక ఆ కర్రనే పెండ్లి చేసుకో. వదినా అని పిలుస్తాం" అన్నాడు తమ్ముడు.

ఆ మాటకు రోషమొచ్చి ఆట కట్టిపెట్టాను. టైము నాలుగున్నర. కిందికి పోదామని చూస్తే మెట్ల తలుపు మూసి ఉంది. పిల్లులు దిగుతున్నాయని అమ్మ లోపలినుంచి గొళ్ళెం పెట్టడం మామూలే. తలుపు పిడిని రెండు వేళ్ళతో పట్టి మెల్లిగా లాగాను. రాలేదు. చెవి ఆనించి విన్నాను. సందులోంచి చూశాను. "గొళ్ళెం పడింది" అని తేల్చాను. తమ్ముడు గట్టిగా గుంజబోతే అడ్డుపడ్డాను: "వొద్దురా! పిడి వదులుగా ఉండాది. ఊడి చేతికొచ్చిందంటే మన గతేంది?"

నోరు నొప్పి పుట్టేదాకా అరిచాం. వీధి చివర కల్యాణ మండపం మైకుసెట్టు ముందు మా గొంతులేపాటి? అప్పుడు గుండు పిట్టగోడ వైపు నడిచి, "నాకు చురుకు పదిహేడు గదా, గొట్టం పట్టుకుని దిగేదా?" అన్నాడు. బావ వాడి నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. "డేయ్, అది పుస్తకంలోరా! గొట్టానికి గూడా ఓర్పని ఒకటుంటుంది!"

చివరికి తువ్వాళ్ళు ముడేసి కిందికి వేలాడదీస్తే వంటింటి కిటికీలోంచి అమ్మ చూస్తుందని నేనే ఉపాయం చెప్పాను (తెలివి పదహారు). రెండు తువ్వాళ్ళు చాలలేదు. మూడోది నా లుంగీ. చారల డ్రాయరుతో నిలబడి నేనే ముడులు సరిచూసి వదిలాను. అది కిటికీ దాకా పోలేదు. గాలికి ముడి విడిపోయి, అప్పుడే ఆటో దిగుతున్న ఒక ముసలావిడ నెత్తిన నా లుంగీ పడింది.

కిందినుంచి గొంతు వినిపించింది. "ఏందమ్మే ఇది? ఇంకా సంబంధమే కుదర్లేదు, అప్పుడే బట్టలు పెడతా ఉండారా?"

నేను నీళ్ళ ట్యాంకు వెనక్కి దూకాను. (ఆ ఒక్కసారే ఏదీ తట్టి చూడకుండా దూకాను.) మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆపైన ధడాలున ఒక్క తోపు, తలుపు బార్లా తెరుచుకుంది. చేతిలో మడతపెట్టిన నా లుంగీతో టీచరమ్మ.

"గొళ్ళెం పెట్టుంటే ఎట్టా తీశారండీ?" అన్నాడు తమ్ముడు.

"గొళ్ళెం ఎవరు పెట్టినారు? వానకి ఉబ్బి బిగుసుకుంది, అంతే. గట్టిగా లాగి చూళ్ళేదా?"

నలుగురిలో ముగ్గురు ట్యాంకు వైపు చూశారు. ఆమె కూడా చూసి, లుంగీని ట్యాంకు మీద పెట్టి, అటు తిరిగి నిలబడి అడిగింది: "పెండ్లికొడుకు మీరేనా?"

"అవునండీ" అన్నాను. జీవితంలో నేను ఆలోచించకుండా చెప్పిన మొదటి జవాబు అదే.

కింద బజ్జీలు తింటూ బావ పరువు నిలబెట్టబోయి ఆట సంగతంతా చెప్పేశాడు. అవ్వకు ఆరు గుణాల దగ్గర అనుమానమొచ్చింది. "తెలివీ వివేకమూ వేరా నాయనా?"

"వేరే అవ్వా. తలుపుకి గొళ్ళెం పడిందని చెవి పెట్టి కనుక్కునేది తెలివి. ఒకసారి గుంజి చూసేది వివేకం" అన్నాడు బావ.

అమ్మ నవ్వలేదు. టీచరమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో దగ్గుకో తెలియలేదు. ఏ మాటా చెప్పకుండా వాళ్ళు వెళ్ళిపోయారు. మూడోదీ పోయిందని డైరీలో రాసుకుని పడుకున్నాను.

మర్నాడు ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే పక్కింటి మామి పిలిచింది. ఫోను ఉన్నది వాళ్ళింట్లోనే. "ఉనక్కుదాన్ పా, నీకే, ఎవరో ఆడపిల్ల!"

"నేను ట్యాంకు ముందర నిలబడిన దాన్ని" అంది ఆ గొంతు. "అవ్వ సరేనంది. వచ్చే ఆదివారం ఆ గుహలోకి నేను గూడా రావచ్చా?"

"తప్పకుండా రండి" అన్నాను.

"ఉచ్చులు మీరు చూసుకోండి. తలుపులు మాత్రం నాకొదిలెయ్యండి."

ఫోను పెట్టేసి, మామి వాళ్ళ వాకిలి దగ్గరికొచ్చి, అలవాటు కొద్దీ తలుపు పిడిని రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తున్నాను. వెనకనుంచి మామి అంది: "ఏం పా, తెరిచే ఉంది గదా, పో!"