ట్యాంకు మూత పడిన తర్వాత

చింతామణికి బదిలీ అయి వచ్చాక ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేడు. ఆఫీసులో రోజంతా కన్నడ, ఇంటికొస్తే ఏ భాషా లేదు. బాగేపల్లిలో మావాళ్ళు నన్ను ఒంటికాయ శొంఠికొమ్మంటారు, అదేదో నేను కోరి తెచ్చుకున్నట్టు! నాకు ఒంటరిగా ఉండటం అస్సలు పడదు.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మదీ ఒంటి బతుకే. అప్పుడప్పుడు పెరుగు గిన్నె చేతికిచ్చి, "తీసుకోప్పా" అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయేది. నేనేమన్నా తక్కువా? "సరేనమ్మా" దాటి ఇంకో మాట పెగిలేది కాదు. ఒకసారి మాత్రం తనకో ఫోటో కావాలని అడిగింది. నా పాత కెమెరాలో పెద్ద ఫిల్ము వేసి మిద్దె మీద తీశాను.

ఆ ఫిల్ము కడుగుదామని ఆదివారం మధ్యాహ్నం బాత్‌రూము కిటికీకి కంబళి కట్టి, తలుపు కింది సందులో పాత పంచె కుక్కి, చీకట్లో కూర్చున్నాను. ఫిల్ముకు అంటిన కాగితం ఒలిచి, ఫిల్మును రీలు గాడుల్లోకి ఎక్కించి, వెలుతురు చొరబడని చిన్న ట్యాంకులో పెట్టి మూత బిగించాలి. అప్పటిదాకా ఏ కాస్త వెలుతురు తగిలినా అంతా పోయినట్టే. మూత పడ్డాక లైటేసుకున్నా ఏం కాదు. ఉక్కకు చేతులు చెమర్చి, ఫిల్ము సగంలో మొరాయించింది. దాన్ని తిట్టుకుంటుంటే ఎవరో బాత్‌రూము తలుపు తట్టారు.

"లోపలుండావేమప్పా? పెరుగు తెచ్చినా."

"తలుపు తోయద్దండమ్మా! మీ ఫోటోనే నా చేతిలో ఉండాది. వెలుతురు పడితే పోతాది."

వెళ్ళిపోతుందనుకున్నాను. ఉస్సురంటూ తలుపు పక్కనే కూర్చుంది.

"ఈసారన్నా కండ్లు తెరుచుకోనుండానా?"

"ఈసారేందమ్మా?"

"పెండ్లయినప్పుడు మా ఇంటాయన చిక్కబళ్ళాపురం స్టూడియోలో తీయించినాడు. లైటు కొట్టేసరికి కండ్లు మూసుకుంటి. ఆయప్ప పోయేదాకా ఆ ఫోటోనే జోబులో పెట్టుకోని తిరిగినాడు. నిద్రపోయే పెండ్లామైతే కొట్లాడదనేవాడు."

నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకదే మొదలు. తొండేభావిలో పుట్టింటి గురించి చెప్పింది. బాగేపల్లిలో తప్పిపోయిన నా పెండ్లి సంబంధం గురించి నేనూ చెప్పాను. మొహాలు కనపడకపోయేసరికి ఇద్దరికీ నోళ్ళొచ్చాయి.

మాటల్లోనే చేతులు ఆరాయి. ఫిల్ము చివరిదాకా ఎక్కింది. ట్యాంకు మూత గట్టిగా బిగించాను. ఇక లైటేసి తలుపు తీయడమే. తీస్తే ఆమె లేచి, గిన్నె చేతికిచ్చి వెళ్ళిపోతుంది.

"అయిందా అప్పా?"

ట్యాంకు ఒళ్ళో పెట్టుకుని ఆ చీకట్లోనే కూర్చున్నాను.

"ఇంకా లేదమ్మా," అన్నాను. "తర్వాతేమయింది, చెప్పండి."