మిల్లు మోత, తిత్తి పాట

2016 వేసవిలో మా వినికిడి కేంద్రం వారు నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ శాఖకు సీనియర్ ఆడియాలజిస్టుగా పంపారు. వినికిడిని కొలిచి, చెవి మిషన్‌ను మనిషికి తగ్గట్టు సరిచేయడం మా పని. జనం మాత్రం చెవుల డాక్టరనే పిలిచేవారు. డాక్టర్ని కానని చెప్పీ చెప్పీ విసుగెత్తి ఊరుకున్నాను. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని అందరూ సామెత చెబుతారు, మాకది రోజువారీ ఉద్యోగం.

మిర్యాలగూడ శాఖలో ఒక పద్ధతి ఉండేది. ఊరి చుట్టూ రైస్ మిల్లులే. కొత్తగా మిషన్ పెట్టుకున్నవాళ్లు మర్నాడే వచ్చి, మనుషుల మాటకంటే మిల్లు మోతే ఎక్కువ వినిపిస్తోందని తగువుకు దిగేవారు. అందుకని మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపి సరిచేసేటప్పుడే, మోతను అణిచే సెట్టింగును అందరికీ చివరిదాకా పెంచి పంపేవాళ్లం. దాంతో తగువులు తగ్గాయి.

రూతమ్మ సిస్టర్ ఆ రోజుల్లోనే వచ్చింది. రిటైరైన హెడ్ నర్సు. ఊళ్లో ఆమెను లండన్ సిస్టరమ్మ అనేవారు గానీ, ఆమె పనిచేసింది లండన్‌లో కానే కాదు. డెబ్బైల మొదట్లో ఇంగ్లండ్ ఉత్తరాన, బట్టల మిల్లుల ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి తిరిగొచ్చింది. ఇక్కడ ఇల్లు కట్టుకుంటే అదీ రైస్ మిల్లు వెనకాలే కుదిరింది. మిల్లు తన నొసట రాసి ఉందని నవ్వేది.

బయటి చప్పుడు చొరబడని గదిలో ఆమెకు పరీక్ష చేశాను. మా పరీక్షలో శబ్దం వినిపిస్తే వేలెత్తాలి, ఆగితే దించాలి. మిషన్ పెట్టి నేను మాటలు చదివితే అన్నీ సరిగ్గా తిరిగి చెప్పింది. సంతోషంగా ఇంటికి వెళ్లిన మనిషి, కొన్నాళ్లకు మిషన్‌ను డబ్బాలో పెట్టి తెచ్చి నా బల్ల మీద ఉంచింది.

"మాట మంచిగనే ఇనబడుతున్నది సార్. పాటనే సచ్చిపోయింది" అంది.

ఆమె దగ్గర ఒక పెట్టె నిండా ఆనాటి ఇంగ్లీషు రికార్డులున్నాయట. జానెడు లోపు చిన్న ప్లేట్లు, ఒక్కో వైపు ఒక్కో పాట. ఆ దేశంలో ఏ ప్లేటు ఎక్కువ అమ్ముడుపోయిందో వారం వారం రేడియోలో చెప్పేవారు. హాస్టల్ నర్సులు తలా కొంత వేసుకుని పైనున్న పాటను కొనేవారు. ముఖాన మెరుపులు పూసుకుని, ఎత్తు మడమల బూట్లేసుకున్న మగవాళ్ల పాటలు. వీళ్లు చెక్క నేల మీద ఎగిరితే, కింది గదిలోని వార్డెన్ చీపురు కర్రతో కప్పును పొడిచేదట. వార్డులో వాళ్ల యాస ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఆ వారం పాట జర ఎత్తుకుంటె చాలు, పేషెంట్లే మాట కలిపేటోళ్లు" అని చెప్పింది.

ఒక ఏడాది ఆ మెరుపుల వాళ్లందరినీ తోసేసి, తోలు తిత్తిలో గాలి నింపి ఊదే వాయిద్యం మీద సైనికులు వాయించిన ప్రార్థన గీతం పైకెక్కింది. రూతమ్మ చిన్నప్పుడు మన చర్చిలో పాడిన రాగమే. ఇంటి మీద బెంగతో మంచం దిగని ఆమెకు హాస్టల్ పిల్లలు ఆ ప్లేటు కొనిచ్చారు. ఇప్పుడు మిషన్ పెట్టుకుని వింటే, అన్నిటికంటే అదే ముందు మునిగిపోతోంది.

"గిది ఇనబడకపోతె ఇగ పెట్టెతోని నాకేం పని? ఆదివారం పాత సామానోనికి ఇచ్చేస్త. మిషన్ గూడ మీరే ఉంచుకోండ్రి" అంది. నాకు చాలా బాధేసింది. శనివారం ఆ ప్లేటూ, ప్లేయరూ తీసుకుని ఒక్కసారి రమ్మని బతిమాలాను.

శనివారం పరీక్ష గదిలోనే, ఆమె చెవికి మళ్లీ ఆ మిషనే పెట్టి, ప్లేటు వేశాం. ముల్లు పడగానే, నేను చెప్పకుండానే, ఆమె వేలెత్తింది. రాగం సాగుతున్నకొద్దీ వేలు మెల్లగా దిగిపోయింది. ప్లేటు మాత్రం మోగుతూనే ఉంది.

అప్పుడు తట్టింది. మిషన్ మాటను గుర్తుపట్టేది విరుపులను బట్టి. మాట ఆగుతుంది, లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఆగకుండా ఒకే తీరున సాగేదాన్ని మోత అనుకుని అణిచేస్తుంది. తిత్తి వాయిద్యానికి ఊపిరి తెగదు. పాపం, మిషన్ లెక్కలో అదొక రైస్ మిల్లు.

పాత సెట్టింగును మాటల కోసం అలాగే ఉంచి, మోతను అణచకుండా వదిలేసే రెండో సెట్టింగు పక్కన చేర్చాను. మిషన్ మీది చిన్న బొత్తాం నొక్కితే మారుతుంది. పాటతో పాటు ఇంట్లో మిల్లు మోత కూడా వస్తుందని ముందే హెచ్చరించాను.

"రానియ్యండి సార్. గాడ గూడ మిల్లు మోతలనే ఇన్నం" అంది.

మళ్లీ ప్లేటు పెట్టాం. వేలు లేచింది. ముల్లు ప్లేటు నడిమికి చేరేదాకా లేచే ఉంది. పాట అయిపోయాక కూడా దించడం మరిచిపోయింది. ఆమె కళ్లు తడిశాయి, నావీ తడిశాయి. పెట్టె పాత సామాను బండి ఎక్కలేదు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, సూర్యాపేటలోనైనా కోదాడలోనైనా, ఏం వినబడటం లేదని అడిగేముందు ఏం వినాలని ఉందో అడిగేవాణ్ణి. పెన్‌పహాడ్ ఊరి నుంచి వచ్చిన అవ్వ ఒకామె, ఏం వినొద్దో గూడ రాసుకో బిడ్డా అంది. మోతకూ పాటకూ తేడా మిషన్‌కు తెలియదు, సరిచేసేవాడికీ తెలియదు. వినేవాళ్లనే అడగాలి.