పద్దెనిమిది గజాల కెప్టెన్

ముందే చెప్పేస్తున్నాను, నాకు కొంచెం పెంచి చెప్పే అలవాటుంది. మా ఇంటి గోడ మీద బల్లి కనిపిస్తే నా నోట్లోంచి బయటికొచ్చేసరికి అది ఉడుమైపోతుంది (మా ఆవిడ మొసలి అంటుంది గానీ, అది ఆవిడ అతిశయోక్తి). అయితే ఆ రోజుల్లో నాకంటే ఎక్కువ కోతలు కోసేది ఒకటుండేది, నా బయోడేటా. అమీర్‌పేటలో దాన్ని తయారుచేసిన కన్సల్టెన్సీ ఆయన చివర్లో "హాబీలు ఏం రాయమంటారు?" అని అడిగాడు. బాగా ఆలోచించి "నిద్ర" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, టకటకా "యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ కెప్టెన్" అని కొట్టేశాడు. "అదేంటండీ, నేనెప్పుడూ ఆడలేదే" అంటే, "హాబీలు ఎవడు చదువుతాడు తమ్ముడూ!" అన్నాడు.

చదివేవాడు సిడ్నీలో ఉన్నాడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ తేదీలు తారుమారై మతిపోతుందని లోకమంతా వణుకుతున్న కాలం అది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో నాలుగు ముక్కలు వచ్చినవాణ్ణల్లా విమానమెక్కించి తీసుకుపోయేవారు. సిడ్నీ శివారు పారమటాలో నాకు ఉద్యోగమిచ్చిన మేనేజరు స్కాట్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. పండుమిరపకాయ లాంటి మొహం, పత్తికాయ పగిలినట్టు జుట్టు. మాలో మేం స్కాచ్ దొర అనుకునేవాళ్ళం. ఫోన్లో ఇంటర్వ్యూ చేసినప్పుడు కోబాల్ గురించి ఏడు నిమిషాలు, ఫుట్‌బాల్ గురించి రెండు గంటలు మాట్లాడాడు (మీరు గంట అనుకోండి). అన్నిటికీ "ఎస్ సార్" అన్నాను. దిగిన రోజునుంచీ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "కెప్టెన్!" అనేవాడు.

ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా కంప్యూటరు వెనక తల దాచుకునేవాణ్ణి. వీసా కంపెనీ పేరు మీద ఉంది. బయోడేటాలో ఒక్క ముక్క అబద్ధమని తేలినా ఉద్యోగం ఊడుతుంది, దాని వెనకే వీసా. వెస్ట్‌మీడ్ ఫ్లాట్‌లో కొత్తగా కొన్న పరుపుకి ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. అందుకని దొర ఎప్పుడు ఆటకి పిలిచినా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. శనివారం ఉపవాసమన్నాను. తర్వాత నా బూట్లు ఓడలో వస్తున్నాయన్నాను. ఆ ఓడ ఐదు నెలలు నడిచింది.

నవంబరులో ఇక దారులన్నీ మూసుకుపోయాయి. పై అంతస్తు అకౌంట్స్ వాళ్ళతో గిరావీన్ పార్కులో దొర మ్యాచ్ పెట్టాడు. బూట్లు ఆయనే కొనుక్కొచ్చాడు. "ఆరో తేదీ శనివారం, మూడింటికి. ఇది మామూలు మ్యాచ్ కాదు కెప్టెన్" అంటూ నా టేబుల్ అంచు మీద కూర్చున్నాడు. డెబ్బైల్లో వాళ్ళ దేశంలో ఒకట్రెండు కప్పు పోటీల్లో ఆఫ్‌సైడ్ రూల్ మార్చి చూశారట. తను కుర్రాడిగా ఉన్నప్పుడు స్టేడియంలో నిలబడి చూశాట్ట. "ఆట ఎంత విశాలమైందో తెలుసా! ఆ తర్వాత పెద్దలు దాన్ని అటకెక్కించేశారు. మంచి రూల్ అది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నీకైతే అర్థమవుతుంది." నాకు పాత రూలే తెలియదు.

నా రూమ్మేట్ హైదరాబాద్ వాడు, మా టీమ్‌లోనే పనిచేసేవాడు, నిజంగా ఫుట్‌బాల్ ఆడినవాడు. అందరం భాయ్ అనేవాళ్ళం. ట్రైన్లో ఆయన కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"భాయ్, అసలు ఆఫ్‌సైడ్ అంటే ఏంటి?"

"పెళ్ళిల దావత్ తింటాంటే, తినెటోడు లేవకముందే పోయి వాని కుర్చీ ఎనక నిలబడ్తరు సూడు? గదే. అవతలోళ్ళ ఎనకకి పోయి బాల్ కోసం ముందే కాసుకొని ఉంటే తప్పు."

"మరి దొర రూలు?"

"గోల్ ముంగట పద్దెనిమిది గజాల కాడ అడ్డంగా గీత కొడ్తరు. గా గీత దాటినంకనే తప్పు. ఇవతల యాడ నిలబడ్డా నిన్ను అడిగెటోడు లేడు."

"అంటే... పరిగెత్తక్కర్లేదా?"

భాయ్ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "అరే మియా, నీ లెక్కటోని కోసమే పెట్టిన్రు గా రూల్!"

శనివారం దొర స్వయంగా రంగు డబ్బా పట్టుకుని ఈ అంచునుంచి ఆ అంచుదాకా తెల్లగీత గీశాడు. నేను తిన్నగా వెళ్ళి గీతకి జానెడు ఇవతల నిలబడ్డాను. కదల్లేదు. డిసెంబరు ముప్పై ఒకటికీ జనవరి ఒకటికీ మధ్య ప్రోగ్రాములు ఎలా ప్రవర్తిస్తాయో పరీక్షించి జీతం తీసుకునేవాణ్ణి. సరిహద్దు మీద పడిగాపులు నా వృత్తి. కెప్టెన్ వస్తున్నాడని దొర ఆఫీసంతా చాటింపు వేసి ఉండటంతో, ఏనుగంత అకౌంటెంటొకడు నా పక్కకి చేరాడు. "ఇండియాలో ఏ పొజిషన్ ఆడేవాడివి?" అని అడిగాడు. "అన్నీ" అన్నాను. వాడు ఇంకొకణ్ణి పిలిచాడు. నేను చెమట తుడుచుకోడానికి చెయ్యెత్తితే సైగ అనుకుని మూడోవాడు పరిగెత్తుకొచ్చాడు. నలుగురం ఆ ఎండలో ఈగలు తోలుకుంటూ నిలబడ్డాం. మధ్యలో మైదానమంతా ఖాళీ! ఆ ఖాళీలోంచి భాయ్ రెండు గోల్స్ కొట్టాడు. గట్టు మీద దొర చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. "చూశారా! ఇదే నేను చెప్పింది!"

రెండుకి రెండు మీద ఉండగా, ఆఖర్లో భాయ్‌ని గోల్ ముందు పడేశారు. పెనాల్టీ. "కెప్టెన్! నువ్వే కొట్టాలి!" అని దొర అరిచాడు.

బంతి దగ్గరికి నడిచాను. గోల్ కీపర్ వెనక నాకు వల కనబళ్ళేదు, విమానం కనబడింది. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా అన్నాను: "సార్, నేను కెప్టెన్ని కాను. జన్మలో బంతి తన్నలేదు. ఆ ముక్క అమీర్‌పేటలో ఎవరో రాశారు, నేను నోరు మూసుకున్నాను." దొర గట్టు దిగి వచ్చి, "సోమవారం నీ ప్రోగ్రాములన్నీ పట్టుకురా. అవైనా నువ్వు రాసినవో కాదో చూద్దాం. ఇప్పుడు పక్కకి జరిగి భాయ్‌ని కొట్టనీ" అన్నాడు. సోమవారం ప్రతి లైనూ చదివాడు. ఉద్యోగం ఉంచాడు.

పాతికేళ్ళుగా ఈ కథ ఇలాగే చెప్తున్నాను. మా అమ్మాయి "సో బ్రేవ్, డాడ్!" అంటుంది కూడా. ఇక ఒప్పుకోవాలి. గీత నిజం, ముగ్గురు కాపలాదార్లు నిజం, ఐదు నెలల ఓడ కూడా నిజమే. మైదానంలో నేను చెప్పిన నిజం ఒక్కటే నా కల్పన.

జరిగింది వేరు. బంతికి రెండడుగుల దూరంలో తొడ పట్టుకుని "అబ్బా!" అని కూలబడ్డాను. భాయ్ నావైపొక చూపు చూసి, వెళ్ళి కొట్టాడు. గెలిచాం. దొర ఐస్ ముక్కలు తువ్వాల్లో మూటగట్టి తెచ్చి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని స్వయంగా తొడకి అదిమిపెట్టాడు. "ఇన్నేళ్ళలో ఆ రూల్‌ని అర్థం చేసుకున్నవాడివి నువ్వొక్కడివే" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. దొర రిటైరైన రోజున వాళ్ళావిడకి నన్ను చూపించి "మా కెప్టెన్" అన్నాడు. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఆయన వయసు దగ్గరపడుతోంది. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే తిట్టాలనే అనిపిస్తుంది గానీ నవ్వొచ్చేస్తుంది. గడ్డిలో కాళ్ళు బారజాపుకుని, నిక్షేపంలాంటి తొడకి ఐసు పెట్టించుకుంటూ, గొంతులో ఆగిపోయిన మాటని మింగేసి, వెధవ, "ఇంకొంచెం పైన సార్" అంటున్నాడు.